నబ్రా వేళ్ళ కోసం ఒక గడియారం

దహబ్ చేసిన తలుపులు సరిగ్గా మూసుకోవని మా వీధిలో ఒక మాట ఉంది. అది పచ్చి అబద్ధం. తలుపులు బాగానే ఉంటాయి, వంకరగా ఉన్నవి గోడలు. యాభై ఏళ్ళ కిందట మా వాళ్ళకోసం సర్కారు హడావుడిగా కట్టించిన ఇళ్ళివి. వీటికి ఏ వడ్రంగి తలుపు బిగించినా అంతే. ఈ సంగతి ఎందరికి చెప్పినా వినరు. భూగోళం పాఠాలు చెప్పుకునే ఇద్రీస్ మాస్టారికి తలుపుల గొడవెందుకంటారు. అక్కర్లేని గొడవల్లో తలదూర్చడం నాకు మొదటినుంచీ అలవాటు. నేను చెప్పబోయేది ఆ అలవాటు ఎంతపని చేసిందో ఆ సంగతే.

మా అసలు ఊరు నీళ్ళకింద ఉంది. నైలు మీద పెద్ద ఆనకట్ట కట్టినప్పుడు, పైనున్న నూబియా ఊళ్ళన్నీ మునిగిపోతాయని, మా వాళ్ళను పడవలూ రైళ్ళూ ఎక్కించి తెచ్చి కోమ్ ఒంబో పక్కన ఈ ఎండు నేలమీద దించారు. ఇక్కడినుంచి నదిని చూడాలంటే బండెక్కాలి. నేనూ దహబూ ఆ తర్వాత పుట్టినవాళ్ళం, ఒకే బల్లమీద చదువుకున్నవాళ్ళం. ఊరు చూడకపోయినా ఊరి సంగతులన్నీ మాకు నోటికొచ్చు. పెద్దవాళ్ళు పెళ్ళికి కూర్చున్నా, పరామర్శకు కూర్చున్నా అవే కదా మాట్లాడుకునేది.

దహబ్‌కు చదువు అంటలేదు. చెక్క అంటింది. చెవి వెనక పెన్సిలు అతనికి పుట్టుమచ్చతో సమానం, తన పెళ్ళిరోజున కూడా తియ్యలేదు. భార్య పోయింది, కూతుళ్ళిద్దరూ అత్తవారిళ్ళకు వెళ్ళిపోయారు, ఇంట్లో తనూ తల్లీ మిగిలారు. తలుపులూ మంచాలూ కాక, అస్వాన్‌లో విదేశీయులకు అమ్మే కొట్లకోసం గోడ గడియారాలు చేస్తాడు. తెరచాప పడవ, ఈజిప్టు పటం, మొసలి. కొట్టువాళ్ళకు ఎప్పుడూ మొసళ్ళే కావాలి. "ఏడాదికి రెండొందల మొసళ్ళు చేస్తున్నానురా మాస్టారూ. నైలులో కూడా అన్నుండవు" అనేవాడు.

ఇంక తల్లి నబ్రా. మనిషి పొడుగు, నాలుక అంతకంటే పొడుగు. ఆమె నోట్లో పడి బయటపడ్డవాళ్ళు మా వీధిలో లేరు. నన్ను చిన్నప్పటినుంచీ "గాడిద చెవులోడా" అనే పిలిచేది. మాస్టారునయ్యాక "గాడిద చెవుల మాస్టారూ" అంది. నాలుగేళ్ళ కిందట ఆమె కళ్ళలో నీటికాసులు బయటపడ్డాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే ఆలస్యమైంది. ఒక కన్ను వెంటనే పోయింది, రెండోది నిరుటి ఎండాకాలానికి పోయింది.

ఆమెకు దహబ్ కంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు శాయా. ఊరు ఖాళీ చెయ్యడానికి ముందటి చలికాలంలో, మూడు నెలల పిల్ల, జ్వరంతో పోయింది. అక్కడే ఊళ్ళోనే పాతిపెట్టారు. మాలో సమాధి తలవైపు ఒక మట్టిమూకుడు పెడతారు. శుక్రవారం శుక్రవారం వెళ్ళి అందులో నీళ్ళు పోసి, నాలుగు గింజలు వేసి వస్తారు. పోయినవాళ్ళకు దాహం వెయ్యకూడదని. ఊరు విడిచిన రోజున ఆడవాళ్ళందరూ వెళ్ళి సమాధులు ఊడ్చి, మూకుళ్ళ నిండా నీళ్ళు పోసి, వెనక్కి తిరిగి చూస్తూ పడవలెక్కారట. ఆ మాట చెప్పినప్పుడల్లా నబ్రా, "ఇంక నా పిల్లకు నీళ్ళకు కొదవలేదులే" అని నవ్వేది. ఆ నవ్వు వింటే నాకు అన్నం సయించేది కాదు.

ఇక్కడికొచ్చాక కూడా ఆమె శుక్రవారం మానలేదు. పెరట్లో ఒక మూకుడు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, తమ వాడ సందుల్లోంచి నడుచుకుంటూ వెళ్ళి, ఆ సమాధి దగ్గర నిలబడ్డట్టు అనుకుని నీళ్ళు పోసేది. యాభై ఏళ్ళు అలా పోసింది. నిరుడు ఒక శుక్రవారం పొయ్యలేదు. ఆ పై శుక్రవారమూ పొయ్యలేదు. మూడో వారం దహబ్ అడిగాడు.

"ఎటెళ్ళాలో తెలీడం లేదురా" అందట. "కళ్ళున్నన్నాళ్ళూ కళ్ళు మూసుకుంటే ఊరు కనపడేది. ఇప్పుడు మూసినా తెరిచినా ఒకటే అయిపోయింది. రోజుకో ఇల్లు జారిపోతోంది. మొన్న మా అత్తగారి గుమ్మం పోయింది. పిల్ల దగ్గరకు దారి కూడా పోతే ఏం చెయ్యనురా?"

ఆ వాడలో ఉన్నవి పదకొండు ఇళ్ళు. ఆ ఇళ్ళలో పుట్టినవాళ్ళు, మెట్టినవాళ్ళు అందరూ పోయారు. ఆ సమాధి ఎక్కడుందో తెలిసిన ప్రాణి ఈ భూమ్మీద నబ్రా ఒక్కతే. నేల ఎలాగూ నీళ్ళపాలైంది. ఆమె తలలో ఉన్న గుర్తే ఆ పిల్లకు మిగిలిన చోటు.

మర్నాడు బడి వదిలేవేళకు దహబ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "మాస్టారూ, మన ఊరి పటం కావాలి. గోడకు తగిలించేది కాదు. అమ్మ వేలితో చూసేది."

నా దగ్గర చదువుకున్న పిల్లాడొకడు అస్వాన్‌లో ఒక కార్యాలయంలో పనిచేస్తున్నాడు. వాడిని పట్టుకుంటే, ఆనకట్టకు ముందు కొలిచి గీసిన పాత పటం ఒకటి వెతికి జిరాక్స్ పంపాడు. నది, గట్లు, వాగులు, గుట్టలు అన్నీ ఉన్నాయి. నేల ఎత్తుపల్లాలు చూపించే గీతలు ఉన్నాయి. దహబ్‌కు వివరించాను. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ పోయేదే ఒక్కో గీత, నది పక్కది అన్నిటికంటే కిందిది, గుట్టమీది చివరిది అన్నిటికంటే పైది అన్నాను. అతను ఒక గీత వెంట వేలు నడిపించాడు.

"అయితే ఒక్కో గీతా ఒక్కో పలకన్నమాట" అన్నాడు. "గీత వెంట కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే గుట్ట లేస్తుంది."

ఇరవై రెండేళ్ళుగా ఆ గీతలు నల్లబల్లమీద గీస్తున్నాను. అవి పలకలని నాకు తట్టలేదు.

ఆ పటాన్నే గోడ గడియారంగా చేస్తానన్నాడు. "మరి గడియారమెందుకు?" అని అడిగాను. పటం మాత్రమే చేస్తే గోడమీద దుమ్ముకొట్టుకుపోతుందన్నాడు. గడియారమైతే టిక్కుటిక్కుమంటుంది, ఆ చప్పుడు పట్టుకుని అమ్మ మంచం మీదనుంచి లేచి దాని దగ్గరకు తనే వెళ్ళగలదు, వేళ తెలుసుకోవడానికైనా రోజుకు పదిసార్లు తడుముతుంది అన్నాడు. మొసళ్ళు చేసే మనిషి ఇంత ఆలోచిస్తాడని నేననుకోలేదు.

పని అనుకున్నంత తేలిగ్గా లేదు. మొదట మెత్తటి చెక్క వాడాడు. జిగురు ఆరేసరికి పలకలు అప్పడాల్లా వంగిపోయాయి. అవతల పారేసి మామిడి చెక్క తెచ్చాడు. అడుగున నదికి మాత్రం నల్లతుమ్మ. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది, వేలు పెడితే జారిపోయేంత నునుపు చేశాడు. నేల పలకలను కాస్త గరుకుగానే వదిలేశాడు, నీళ్ళు దాటి గట్టెక్కినట్టు వేలికి తెలియాలని. ఏడు పలకలు పేర్చాక ముళ్ళు తిప్పే ఇరుసు చాల్లేదు, చెక్క మందంలోనే ఉండిపోయింది. వెనకనుంచి ఉలితో గుంట తొలిచి యంత్రాన్ని లోపలికి దించాడు. ఆ తర్వాత గుట్ట అడ్డొచ్చింది, నిమిషాల ముల్లు తిరుగుతూ వచ్చి గుట్టకు తగులుకుని ఆగిపోయేది. గుట్టను తగ్గిస్తే పటం అబద్ధమవుతుందని నేను గోల పెట్టాను. "నీ పటం సంగతి నాకెందుకయ్యా, టైము ఆగిపోతోంది" అని విసుక్కుని, చివరికి ఇరుసు కింద రేకుముక్క పెట్టి ముళ్ళను ఎత్తులో నిలబెట్టాడు. ముళ్ళు కూడా కొట్లో దొరికే పల్చటివి కావు, తడిమితే వంగకుండా ఇత్తడివి తనే కోశాడు. అంకెల బదులు ఇత్తడి మేకుల బొడిపెలు కొట్టాడు, పన్నెండు దగ్గర రెండు. అద్దం లేదు.

ఇదంతా వెనక కొట్టంలో రహస్యంగా జరుగుతోందని మా నమ్మకం. నబ్రా వసారాలో కూర్చుని, "మొసలికి ఇంకా తోక మొలవలేదా మాస్టారూ?" అని నన్ను పిలిచి మరీ అడిగేది. ఆమెకు ముందే తెలిసిపోయింది. ఎందుకంటే దహబ్ రోజుకో ప్రశ్న వేసేవాడు, పొంతన లేనట్టు.

"అమ్మా, మన వాడ ఏ గట్టున?"

"ఎన్నిసార్లు చెప్పాలిరా, పడమటి గట్టున. వాగుకు ఉత్తరాన."

"ఇంటి వెనకేముండేది?"

"గుట్ట. గుట్ట మొదట్లో సమాధులు. షేక్ గారి గుమ్మటం దగ్గర నిలబడి గుట్టవైపు నడిస్తే నాలుగోది నా పిల్లది. పక్కన ఒంటెమూపులాంటి రాయి ఉంటుంది. రాసుకున్నావా, లేక మళ్ళీ రేపడుగుతావా?"

పటం మీద ఆ చోటు గుర్తించే పని నాది. మా ఊరి దగ్గర నైలు ఒక మలుపు తిరుగుతుంది. ఉత్తరానికి పోయే నది అక్కడ కొంతదూరం వెనక్కి, ఆగ్నేయం వైపు పారుతుంది. ఆ మలుపు మీద పరీక్షల్లో పిల్లలకు ప్రశ్న కూడా ఇస్తుంటాను. పటం బల్లమీద పరిచి, పడమర ఎటో చూసుకుని, ఆ గట్టుమీద వెతికాను. వాగు దొరికింది. ఎండువాగులకు మా ఎడారిలో ఏం కరువు? గుమ్మటం గుర్తు కూడా దొరికింది. గుమ్మటం లేని గట్టు మా దేశంలో ఎక్కడుంది? పెన్సిలుతో చుక్క పెట్టి, "ఇదే" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో ఇప్పటికీ నా గొంతు నాకు వినిపిస్తుంది. దహబ్ ఆ చుక్క దగ్గర ఒంటె ఎముకను కందిబద్దంత అరగదీసి పొదిగాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక గడియారాన్ని ఆమె మంచం ఎదురుగోడకు రొమ్ము ఎత్తున తగిలించాం. ఆమె చప్పుడు విని లేచింది. చేతులు చాచుకుంటూ వెళ్ళి ముందు అంచు పట్టుకుంది. తర్వాత వేళ్ళు నదిలో పడ్డాయి.

"అబ్బ, నీళ్ళు!" అంది. దహబ్ మొహం చూడాలి ఆ క్షణాన. మొసళ్ళు చేసినన్నాళ్ళూ అలాంటి వెలుగు నేను చూడలేదు.

"నీళ్ళెటు పోతున్నాయి?" అని అడిగింది. దహబ్ ఆమె వేలు పట్టుకుని నది వెంట నడిపించాడు. ఆమె ఎడమచెయ్యి తనంతట తనే ఒక గట్టుమీదికి వెళ్ళి, అక్కడ దేనికోసమో వెతుకుతోంది. అటు అంచు త్వరగానే తెగిపోయింది, వేళ్ళు గాల్లోకి జారాయి. మళ్ళీ వెనక్కొచ్చి మళ్ళీ వెతికింది. దహబ్ నెమ్మదిగా ఆ చేతిని ఎదుటి గట్టుకు తెచ్చి, వేలికొసను ఎముక చుక్కమీద పెట్టాడు.

"ఇదిగో, శాయా."

ఆమె కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది తూర్పు గట్టురా. ఇక్కడ మావాళ్ళెవరూ లేరు. నా పిల్ల ఇక్కడ లేదు."

"అమ్మా, పటంలో పడమటి గట్టు ఇదే" అన్నాను నేను. ఎవరు మాట్లాడమన్నారు నన్ను?

"పటానికేం తెలుసు? పొద్దు మా ఇంటి వెనకనుంచే పొడిచేది. గుట్టమీదనుంచి ఎండ జారి ముంగిట్లోకి వచ్చేది. చంటిదాన్ని ఆ ఎండలోనే పడుకోబెట్టేదాన్ని, పొద్దున్నే."

నాకు నవ్వొచ్చింది. రాకూడని నవ్వు, కానీ వచ్చింది. "ఇల్లేమో పడమటి గట్టున, ఇంటి వెనకనుంచి పొద్దుపొడుపా? పడమట పొద్దెక్కడ పొడుస్తుందమ్మా? నువ్వే చెప్పు."

ఆమె నోరు తెరిచింది. నాకు తగిన తిట్టు వస్తుందని చూశాను. రాలేదు. గోడకేసి నిలబడే ఉంది.

"నిజమే కదా" అంది. "పడమట పొద్దెట్లా పొడుస్తుంది."

"పందొమ్మిదేళ్ళ పిల్లవి అప్పుడు. యాభై ఏళ్ళు దాటాయి. ఎవరైనా మరిచిపోతారు" అన్నాను, ఓదార్పుగా.

"అయితే మరిచిపోయానన్నమాట" అని, ఆ ఎముక చుక్క ఎక్కడుందో మళ్ళీ చూపించమని దహబ్‌ను అడిగింది.

ఆ రోజునుంచి ఆమె ఒక పని పెట్టుకుంది. పొద్దున్న లేవగానే గడియారం దగ్గరకు వెళ్ళి నిలబడి, నదిలోంచి గట్టెక్కి, వాగు దాటి, గుమ్మటం నుంచి చుక్క దాకా వేలు నడిపించేది. తప్పితే మళ్ళీ మొదటినుంచి. పిల్లలు ఎక్కాలు వల్లించినట్టు పైకి చెప్పుకునేది. నేను వెళ్ళినప్పుడు నాకు అప్పజెప్పేది కూడా. "సరిగ్గా చెప్పానా మాస్టారూ?" అనేది. గాడిద చెవులు ఎప్పుడు రాలిపోయాయో నేను గమనించలేదు. శుక్రవారాలు మళ్ళీ నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టింది. ఒకసారి పెరట్లో పిల్లతో మాట్లాడుతుంటే విన్నాను. "ఇన్నేళ్ళూ ఇంకెవరి సమాధికో నీళ్ళు పోశాను తల్లీ. గుర్తు తప్పింది. కోపం తెచ్చుకోకు."

నేను గర్వపడ్డాను. ఈ ముక్క రాయకుండా దాటేద్దామనుకున్నాను, కానీ రాయాలి. ఒక గుడ్డి ముసలామెకు ఆమె ఊరు తిరిగి ఇచ్చానని ఉపాధ్యాయుల గదిలో చెప్పుకున్నాను.

దహబ్ మాత్రం ఒకరోజు, "అమ్మ ఊరి కబుర్లు మానేసిందిరా" అన్నాడు. మొదలుపెడుతుందట, ఫలానా ఇంటి పక్కన అంటుందట, ఆగిపోతుందట. 'ఏమో, నాకు సరిగ్గా గుర్తులేదులే' అని అటు తిరిగి పడుకుంటుందట.

నలభై రోజులు గడిచాక, పక్క ఊళ్ళో ఎవరో పోతే పరామర్శకు వెళ్ళాను. పందిట్లో నా పక్కన బషీర్ అనే ముసలాయన కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి, కుర్రతనంలో ఊళ్ళకు ఉత్తరాలు మోసే ఆవిరి పడవలో పనిచేశాడు. నాది ఏ ఊరని అడిగాడు. చెప్పాను. చావు పందిరని కూడా చూడకుండా పకపకా నవ్వాడు.

"ఓహో, పొద్దు పడమట పొడిచే ఊరోడివా నువ్వు!"

"ఏంటి తాతా, ఏమన్నావ్?"

"ఏంటేంటి, మాస్టారువంటున్నారు, ఆమాత్రం తెలీదా? మనవాళ్ళకు దిక్కులు చెప్పేది నది కదరా, సూర్యుడా? నీళ్ళు పోయేవైపు ఉత్తరం. వచ్చేవైపు దక్షిణం. ఉత్తరానికి తిరిగి నిలబడితే కుడిగట్టు తూర్పు, ఎడమగట్టు పడమర. అంతటా అదే లెక్క. నది తిన్నగా పోయినన్నాళ్ళూ సూర్యుడూ సరే అనేవాడు. మీ ఊరి దగ్గర నది వెనక్కి తిరిగేది. నది తిరిగిందని జనం మాట తిప్పుతారా? దాంతో మీ పడమటి గట్టు పొద్దు పొడిచే వైపుకి వచ్చిపడింది." టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ నవ్వాడు. "కైరోనుంచి కొత్తగా వచ్చిన సరంగులకు ఇది అర్థమయ్యేది కాదు. పడమటి గట్టుకు కట్టరా అంటే, సూర్యుణ్ణి చూసుకుని ఎదుటి గట్టుకు కట్టేవాళ్ళు. మీ ఆడవాళ్ళు ఇవతలినుంచి ఒకటే తిట్లు!"

ఆ లెక్క నాకు తెలియనిది కాదు. మా ఇంట్లోనూ అందరూ నదినిబట్టే దిక్కులు చెప్పేవారు. కానీ నేను పుట్టిన ఈ చోట నది తిన్నగా ఉత్తరానికే పోతుంది, రెండు లెక్కలూ ఒకటే అవుతాయి. వేరయ్యే చోటు ఒకటుంటుందని, అది మా ఊరేనని, ఆ మలుపుమీద ప్రశ్నలిచ్చే నాకు తట్టలేదు. ఆమె చెప్పిన ప్రతి ముక్కా నిజమే. పొద్దు వాళ్ళ ఇంటి వెనకనుంచే పొడిచింది. ఆ పిల్ల ఆ ఎండలోనే పడుకుంది.

పరామర్శ పూర్తికాకుండానే లేచి వచ్చేశాను. దహబ్ కొట్టంలో ఎవరిదో మంచంకోడు చిత్రిక పడుతున్నాడు. చెప్పాను. చిత్రిక ఆపలేదు. ఆ కోడు అయిపోయేదాకా పట్టి, ఊది, కళ్ళకెదురుగా పెట్టి చూసుకుని, గోడకు ఆనించాడు. నన్ను రెండు తిట్టినా బాగుండేది.

"పటం ఇంకోటి తెప్పించు ఇద్రీస్" అన్నాడు. మాస్టారూ అనలేదు.

చుక్కను అటునుంచి ఇటు మారిస్తే సరిపోదు. మొదటి గడియారంలో అసలు గట్టు అంచు దగ్గరే తెగిపోయింది, ఆమె వేళ్ళు గాల్లోకి జారింది అక్కడే. మళ్ళీ మొదటినుంచి కోశాడు. మొసళ్ళన్నీ పక్కన పెట్టాడు. ఈసారి గుట్ట పెద్దది, తొమ్మిది పలకలు వచ్చాయి. వెనక గుంట ఇంకా లోతుగా తొలవాల్సి వచ్చింది, ఒక పలక పగిలింది, దాన్ని మళ్ళీ చేశాడు. మూడు వారాలు పట్టింది. ఎముక చుక్క మాత్రం పొదగలేదు. ఆ గట్టున పటంలో మూడు వాగులున్నాయి, రెండు గుమ్మటాలున్నాయి. వాటిలో ఏది ఏదో నాకు తెలియదు, అతనికి తెలియదు. ఒంటెమూపు రాయి ఏ పటంలోనూ ఉండదు. "చుక్క అమ్మే పెడుతుంది. వేలితో చూపిస్తే అక్కడే బరమాతో తొలిచి పెడతాను" అన్నాడు.

కొత్త గడియారం పాతదాని చోట తగిలించిన రోజు ఆమె ఎప్పటిలాగే లేచి వచ్చింది. నదిలో వేలు పెట్టింది, అలవాటు ప్రకారం గట్టెక్కింది, వాగుకోసం చూసింది. దొరకలేదు. ఇంకోసారి చూసింది.

"ఇదేంట్రా, ఇది మన ఊరు కాదే" అంది. "ఎవరిది తెచ్చి పెట్టావు?"

నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. అంతా చెప్పాను. నది తిరగడం, దిక్కుల లెక్క, బషీర్ తాత, అన్నీ. "నువ్వు చెప్పిందే నిజమమ్మా. నాదే తప్పు. నువ్వేదీ మరిచిపోలేదు" అన్నాను.

ఆమె నా తలమీద చెయ్యి వేసింది. జాలిపడుతోందని తెలిసింది.

"ముసలిదాన్ని ఊరుకోబెట్టడానికి ఇన్ని తంటాలెందుకు నాయనా? నేనప్పుడేదో మొండికేశాను. ఇప్పుడంతా సర్దుకుంది. చూడు, కావాలంటే చెప్తాను." గోడవైపు తిరిగి గాల్లోనే వేలు కదిలిస్తూ అప్పజెప్పింది. గట్టు, వాగు, గుమ్మటం, నాలుగోది. నేను బల్లమీద పెన్సిలుతో గుర్తుపెట్టిన దారి, ఒక్క ముక్క పొల్లుపోకుండా.

"అది కాదమ్మా" అన్నాడు దహబ్. "నీ పాత దారి. ఇంటి వెనక గుట్ట, గుట్టమీదనుంచి పొద్దున్నే ఎండ వచ్చేది, చెల్లిని..." పిల్ల తనకంటే పెద్దదని గుర్తొచ్చి దిద్దుకున్నాడు. "అక్కను ఎండలో పడుకోబెట్టేదానివి. ఆ గుట్ట ఎక్కడ? ఒంటెమూపు రాయి ఎక్కడ? కాస్త తడిమి చూడు."

అతను ఆమె రెండు చేతులూ తీసుకుని కొత్త గుట్టమీద పెట్టాడు. ఆమె చాలాసేపు తడిమింది. తొమ్మిది మెట్లూ ఎక్కింది, దిగింది. మొహం చిట్లించుకుని నిజంగానే ప్రయత్నించింది, కొడుకు కోసం. ఒకచోట వేలు ఆగింది. ఆ వేలు మళ్ళీ కదిలిపోయింది.

"ఎండా?" అంది. తర్వాత నవ్వింది, తనను తానే వెక్కిరించుకుంటూ. "పడమటి గట్టున పొద్దున్నే ఎండెక్కడిదిరా పిచ్చోడా? ఏదో కల్లో చూసి వాగి ఉంటాను. పడమట పొద్దెట్లా పొడుస్తుంది?"

దహబ్ అరచేయి చాచి ఆ ఎముక చుక్కను ఆమె చేతిలో పెట్టాడు. "ఎక్కడ పెట్టమంటావో చెప్పమ్మా. ఎక్కడైనా సరే. నువ్వు పెట్టిన చోటే."

ఆమె దాన్ని రెండు వేళ్ళమధ్య తిప్పి చూసింది, మెత్తగా, పాల పన్ను పట్టుకున్నట్టు. చుట్టూ తడిమి నా చెయ్యి వెతికి పట్టుకుని, చుక్కను నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసింది.

"నాకేం తెలుసురా, కళ్ళులేనిదాన్ని, మతిలేనిదాన్ని" అంది. "మాస్టారునడుగు. నా పిల్ల ఎక్కడుందో అతనికి తెలుసు."